ఇరవై ఒక్క అడుగుల బాట

ఆ బాట వెడల్పు ఇరవై ఒక్క అడుగులు. చింతచెట్టు మలుపు దగ్గర మాత్రం పందొమ్మిదిన్నర. టేపు ఒక కొన నేను పట్టుకున్నాను, రెండో కొన మా కర్మాగారం క్యాంటీన్‌లో వంటపని చేసే ఆమె పట్టుకుంది. ఆ అంకెలున్న నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. అంకెల్లో తప్పేమీ లేదు. ఆమె బతుకులో నా వల్ల జరిగిన తప్పు కూడా ఆ పుటలోనే ఉంది, కానీ అది అంకెల్లో కనబడదు.

తొంభైల చివరి మాట ఇది. బెంగుళూరుకు దగ్గరగా, తమిళనాడు సరిహద్దులో ఉన్న హోసూరు పారిశ్రామిక వాడలో ఒక కర్మాగారపు ప్రయోగశాలలో నేను రసాయన పరీక్షకుణ్ణి. సరుకుతో పాటు వచ్చే ధ్రువపత్రాన్ని పక్కన పెట్టి, సరుకును మళ్ళీ మొదటినుంచి పరీక్షించడం నా ఉద్యోగం. ఆ అలవాటు ఉద్యోగంతో ఆగలేదు. ఎవరు ఏం చెప్పినా ‘అది మీకెలా తెలుసు’ అని అడిగేవాణ్ణి. పాలు పోసే ఆమె ఎదుటే ఒకసారి పాలలో లాక్టోమీటరు ముంచాను. పాలు మంచివేనని తేలింది. మర్నాటి నుంచి ఆమె మా ఇంటికి రావడం మానేసింది. అందులో నేర్చుకోవలసినది ఏదో ఉందని నాకు అప్పుడు తోచలేదు.

ఆ రోజుల్లో హోసూరులో కార్మికుడికి ఇల్లంటే లైను ఇల్లు. పొడవాటి షెడ్డును ఎనిమిది గదులుగా కోసి, పైన సిమెంటు రేకులు పరిచి, అందరికీ కలిపి ఒక కొళాయి పెట్టి యజమాని అద్దె వసూలు చేసుకునేవాడు. అలాంటి గదుల్లో విసిగిన వాళ్ళం ఇరవై ఇద్దరం ఒక సంఘంగా చేరి, కెలవరపల్లి దారిలో రెండున్నర ఎకరాల రాగి చేను కొని సైట్లుగా పంచుకుని, చిన్న చిన్న ఇళ్ళు కట్టుకోవాలని నిర్ణయించాం. అన్నీ పరిశీలించి చెప్పే బాధ్యత నాకు అప్పగించారు. నేను అడగకుండానే అప్పగించారని రాయాలని ఉంది. కానీ అడిగే తీసుకున్నాను.

నాకు ఆ పేరు తెచ్చిపెట్టింది అప్పుల కంపెనీ మనిషి ఒకడు. కర్మాగారం గేటు ఎదుటి టీ అంగట్లో మా అందరినీ కూర్చోబెట్టి, ఇంటి అప్పు తొమ్మిది శాతానికే ఇప్పిస్తానన్నాడు. ఏడాదికి తొమ్మిది, పదిహేనేళ్ళు, అంతే. నేను టీ బిల్లు వెనక లెక్క వేశాను. అసలు నెలనెలా తీరుతూ పోతున్నా అతను వడ్డీని మాత్రం మొదటి రోజు అసలు మీదే చివరిదాకా లెక్క కడుతున్నాడు.

“మీ తొమ్మిది నిజానికి పదమూడున్నర పైమాట,” అన్నాను.

అతను బిల్లు తిప్పి చూశాడు. “ఈడ ఎవురూ ఇట్ల అడగలేదు సార్. మీరు లెక్కల అయ్యవారా?”

“కాదప్పా, మావోడు విషం పరీక్ష చేసే ఆయన,” అన్నారు వెనక నుంచి ఎవరో. అందరూ నవ్వారు. అతను టీ డబ్బులు ఇచ్చి లేచిపోయాడు. తరువాత మేము తగ్గుతున్న అసలు మీదే వడ్డీ వేసే మరో సంస్థను వెతుక్కున్నాం. ఆ సంస్థ డబ్బు ఒక్కసారిగా ఇవ్వదు: పునాదికి కొంత, గోడలు తలుపు ఎత్తుకు లేచాక కొంత, పైకప్పుకు కొంత. తమ మనిషి వచ్చి కళ్ళారా చూసిన తరువాతే తరువాతి వాయిదా. ఈ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. చూడనిదే నమ్మని వాళ్ళు లోకంలో నాతోపాటు ఇంకొందరు ఉన్నారనిపించింది.

క్యాంటీన్ ఆమె అంచెట్టి వైపు కొండ పల్లె నుంచి వచ్చిన మనిషి. భర్త మా దగ్గరే ప్రెస్సు విభాగంలో పనిచేస్తూ జ్వరంతో పోయాడు. కంపెనీ ఆమెకు క్యాంటీన్‌లో పని ఇచ్చింది. భర్త ప్రావిడెంట్ ఫండు సొమ్ము ఆమె చేతికి వచ్చింది. అటువంటి సొమ్ము ఒక మనిషికి ఒకసారే వస్తుంది. దానితో ఒక ఇల్లు వస్తుంది, లేకపోతే రాదు. రెండోసారి ప్రయత్నించడానికి ఏమీ మిగలదు. ఇది నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. అందుకే ఒక మధ్యాహ్నం సాంబారు వడ్డిస్తూ అడిగింది.

“నువ్వు చూసినావా అన్నా ఆ నేల?”

“చూస్తున్నానమ్మా.”

“చూసినాక చెప్పు. కాగితాలు నాకి తెలీదు. నువ్వు చేయి పెడితే నేనూ పెడతాను.”

చూశాను. నాలుగు చోట్ల గుంటలు తవ్వించి మన్ను తీశాను. బావి నీళ్ళు ప్రయోగశాలకు తెచ్చి లవణాలు కొలిచాను. రిజిస్ట్రారు కార్యాలయంలో ఆ నేల మీద ముప్ఫై ఏళ్ళుగా జరిగిన అమ్మకాలూ తాకట్లూ చూపే విల్లంగం పత్రం తీయించి ప్రతి పంక్తీ చదివాను. చేను యజమాని డెబ్బై దాటిన రైతు, తరతరాలుగా అక్కడే సేద్యం చేస్తున్న తెలుగు కుటుంబం వాడు. గట్టు మీద కూర్చుని నా పని చూసి వినోదించేవాడు.

“సీసాలో మన్ను పోసి ఆడిస్తా ఉండావే అప్పా, మజ్జిగ చిలుకుతా ఉండావా?”

“మట్టి ఎంత, ఇసుక ఎంత అని చూస్తున్నాను పెద్దయ్యా.”

“నన్ను అడిగితే చెప్పేవాణ్ణి కదా. రాగికి మంచిది, వేరుశనక్కి కాదు.” కొంచెం ఆగి, “ఇండ్లకి ఎట్లనో నాకి తెలీదు. ఈడ ఎవురూ ఇండ్లు నాటలేదు,” అన్నాడు.

నా పరిశీలనలో ఒక్కచోట తేడా వచ్చింది. సర్వే పటంలో ఆ చేనికి దారి లేదు. నేల మీద మాత్రం దారి ఉంది: తారు రోడ్డు నుంచి చేను దాకా, రెండు చక్రాల గాడులు లోతుగా పడిన బండిబాట. అది పెద్దాయన తమ్ముడి చేనులోంచి వస్తుంది. పటం చూపించి అడిగాను.

“బాటను ఎవురన్నా కాగితంలో రాస్తారా అప్పా? మా నాయన మా ఇద్దరికీ చేను పంచినప్పుడు బాట నోటిమాటగా వదిలినాడు. మా ఊర్లలో అంతా అంతే. ఇప్పుడు నేను పోయి, తమ్ముడూ, బాట రాసియ్యి అంటే వాడు ఏమనుకుంటాడు? అన్న నన్ను దొంగ అన్నాడు అనుకుంటాడు.”

అదే సమయానికి తమ్ముడు గడ్డిబండి తోలుకుంటూ ఆ బాట మీదే వచ్చాడు. సంగతి విని తలపాగా విప్పి ముఖం తుడుచుకుని, “రాండప్పా, ఇండ్లు కట్టుకోండి. మాకూ మనుషుల తోడు ఉంటాది,” అన్నాడు.

ఆయన అబద్ధం చెప్పలేదు. ఈ మాట నేను ఎన్నోసార్లు ఆలోచించి రాస్తున్నాను. ఆ రోజు ఆ మాట నిజం. ఎకరం ధర అంత తక్కువగా ఉన్న రోజున అది పూర్తిగా నిజం. ‘ఈ ఫలితం పరీక్షించిన పరిస్థితులకే వర్తిస్తుంది’ అని మా ప్రయోగశాల నివేదికలన్నిటి కిందా అచ్చు వేసి ఉండేది; రోజూ ఆ వాక్యం కిందే నేను సంతకం చేసేవాణ్ణి.

బాట కొలిచిన రోజున టేపు కొన పట్టుకుని ఆమె అడిగింది: “బాట కూడా మన పేరుకి రాపించుకుందామన్నా. ఆయప్ప దగ్గరకి నేను పోయి అడుగుతాను. నాకేం మొహమాటం లేదు.”

“వద్దమ్మా. వాళ్ళలో అది అవమానం. అన్నదమ్ములకు చెడితే అసలు అమ్మకమే ఆగిపోతుంది.”

“కాగితంలో లేదు అంటివి కదా?”

“కాగితం పాతది. నేల మీద ఉంది, నువ్వే నిలబడి ఉన్నావు దానిమీద. ఇరవై ఒక్క అడుగులు.”

ఆమె కాళ్ళ కిందికి చూసుకుంది. ఎవరి మాటనూ నమ్మని నేను నా కళ్ళను నమ్మాను. పాలామె విషయంలో పనికిరాని అనుమానాన్ని చూపిన నేను, పనికొచ్చే అనుమానాన్ని మర్యాద పేరుతో మింగేశాను. కళ్ళు ఉనికిని చూడగలవు, హక్కును చూడలేవు. ఈ చిన్న సంగతి నాకు ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు. క్యాంటీన్ ఆమె చెప్పింది, వినలేదు.

రిజిస్ట్రేషన్లు అయ్యాయి. అప్పులు మంజూరు కావడానికి, మేము చేతి సొమ్ము కూడబెట్టడానికి మరి రెండేళ్ళు పట్టింది. ముందుగా ఏడుగురం పని మొదలుపెట్టాం. అందరికంటే ముందు ఆమె. నేను ఇటుకలు పరీక్షించడానికి కూర్చున్నాను. బట్టీ నుంచి దిగిన ప్రతి లోడులోంచి కొన్ని ఇటుకలు తీసి తూచి, ఒక రాత్రీ పగలూ నీళ్ళలో నానబెట్టి, మళ్ళీ తూచేవాణ్ణి. తన బరువులో ఐదో వంతు కంటే ఎక్కువ నీరు తాగితే లోడు వెనక్కి. మూడు లోడ్లు వెనక్కి పంపాను. మేస్త్రీ ఒకరోజు తాపీ కింద పెట్టి, “ఇల్లు కడతా ఉండామా సార్, ఇటుకలకి స్నానం పోస్తా ఉండామా?” అని అడిగాడు.

ద్వారబంధానికి ఆమె అన్న అంచెట్టి నుంచి వేపమాను కోయించి లారీలో వేసి పంపాడు. పుట్టింటి వేప అని ఆమెకు సంబరం. నేను గోటితో గీరి, పచ్చిగా ఉంది, ఇప్పుడే చెక్కితే ఆరాక చీలుతుందని చెప్పాను. రెండు నెలలు నీడన ఆరబెట్టమన్నాను.

“అంతదాకా గోడలు ఆపాల్నా అన్నా? అద్దె కడతా ఉండాను, వడ్డీ కడతా ఉండాను.”

“చీలిన వాకిలి జన్మంతా చీలినట్లే ఉంటుందమ్మా.”

ఆపింది. ఆ రెండు నెలలూ, ఇటుకలకు పోయిన కాలమూ కలిపితే అయిదు నెలలు. తరువాత మంచి రోజు చూసి, పసుపు పూసి, నవధాన్యాల మూట కట్టి ద్వారబంధం నిలబెట్టింది. నేను మట్టపు బద్ద పెట్టి చూశాను. రెండు వైపులా నిటారుగా ఉంది.

ఈలోగా లోకం మారింది. ఇంటి అప్పుల మీద వడ్డీలు తగ్గసాగాయి. మా నెలవారీ వాయిదా కూడా కొంచెం తగ్గింది. క్యాంటీన్‌లో మిఠాయి పంచుకున్నాం. వడ్డీ తగ్గితే అది మాకంటే ముందు బెంగుళూరులో పెద్ద జీతాల వాళ్ళకు శుభవార్త అని, వాళ్ళ చేతిలో సులభంగా చేరిన అప్పు నేల వెతుక్కుంటూ సరిహద్దు దాటి వస్తుందని మాలో ఎవరికీ తట్టలేదు. జాతీయ రహదారిని వెడల్పు చేశారు. బాగలూరు దారిలో పూలతోటల పక్కన కర్ణాటక నంబర్ల కార్లు ఆగి ఉండేవి. నిన్న రాగి కోసిన చేనులో నేడు సున్నం పూసిన సైటు రాళ్ళు మొలిచేవి. చౌక ఇళ్ళ కోసం వచ్చిన చౌక అప్పే చౌక నేలను లేకుండా చేసింది.

ఒక సోమవారం ఇటుకల లారీ వెనక్కి తిరిగి కర్మాగారం గేటు దగ్గరికే వచ్చింది. డ్రైవరు నన్ను పిలిపించి, “దారి లేదు సార్,” అన్నాడు. నేను నవ్వాను. ఇరవై ఒక్క అడుగుల దారి ఎలా పోతుంది? సాయంత్రం ఆమెతో కలిసి వెళ్ళి చూశాను. తారు రోడ్డు పక్కనే రాతి కూసాలు వరసగా నాటి ముళ్ళతీగ లాగారు. చక్రాల గాడులు తీగ కింది నుంచి ఎప్పటిలాగే లోపలికి పోతున్నాయి. కంచెకు అవతల, దూరంగా, కప్పు లేని ఆమె గోడలు, వాటి మధ్య పసుపు పూసిన ద్వారబంధం కనబడుతున్నాయి.

తమ్ముడు ఇంటి అరుగు మీద ఉన్నాడు. పక్కన అన్న కూడా ఉన్నాడు, తల వంచుకుని.

“బాట అమ్మేసినావంట కదప్పా,” అంది ఆమె.

“నేను బాట అమ్మలేదమ్మా. చేను అమ్మినాను. బాట చేనులో ఉండాది, నేనేం జేసేది?”

“మనుషుల తోడు కావల్ల అంటివి.”

“అంటిని. అప్పుడు ఎకరా ఎంతకి పోతా ఉండె, ఇప్పుడు ఎంతకి పోతా ఉండాది? మా అన్న తక్కువకి అమ్మి ఏం బాగుపడినాడు, అడుగు. ఆయన కూతురే నన్ను మెచ్చుకున్నాది.”

పెద్దాయన అప్పుడు తల ఎత్తి నావైపు చూశాడు. “మీరు ఆడ పొయ్యి రాజేసి, నలుగురు పిల్లోళ్ళు ఆ బాట మీద ఇస్కూలుకి పోతా ఉంటే, ఎవుడూ కంచె ఏసేవాడు కాదప్పా. నడిచే బాటని మూసేకి ఎవుడికైనా చేయి రాదు. మీరు ఇటుకలు నానబెట్టుకుంటా కూచుంటిరి.”

దాన్ని ఒక వాదనగా తీసుకుని తప్పు పట్టడానికి చాలాకాలం ప్రయత్నించాను. పట్టలేకపోయాను.

కృష్ణగిరిలో ఒక వకీలును కలిశాం. పటం చూసి, నా కొలతలు చూసి, కేసు బలంగా ఉందన్నాడు. ఎన్నాళ్ళు పడుతుందని అడిగాను. “మీరు వేయండి సార్, మీ అబ్బాయి గెలుస్తాడు,” అన్నాడు. అప్పు ఇచ్చిన సంస్థ మనిషి కంచె దాకా వచ్చి చూసి వెళ్ళిపోయాడు. దారి లేని ఇంటికి పైకప్పు వాయిదా ఇవ్వడం కుదరదన్నారు. అప్పటిదాకా ఇచ్చిన దాని మీద వడ్డీ మాత్రం కట్టాలి. ఆమె లైను గదికి అద్దె, కప్పు లేని గోడలకు వడ్డీ కడుతూ ఏడాది గడిపింది. రెండో పూట పని కోసం బాగలూరు దగ్గర గులాబీ షెడ్డులో చేరింది. వేళ్ళకు ముళ్ళు గుచ్చుకున్న చేతులతో మాకు వడ్డించేది.

అప్పుడు, తమ్ముడి చేను కొని కంచె వేసిన మదుపరి తరఫున బ్రోకరు వచ్చాడు. మా సైట్లన్నీ కొంటాడట. మేము పెట్టిన ధరకు మూడింతలు. షరతు ఒక్కటే: ఇరవై ఇద్దరూ అమ్మాలి. ఇరవై ఒక్కరు సరేనన్నారు. వాళ్ళలో నేనూ ఒకణ్ణి. నాకు జీతం ఉంది, మరో అప్పు పుడుతుంది. ఆమె ఒక్కతే ఒప్పుకోలేదు.

“మూడింతలు వస్తాది అంటా ఉండారు. దాంతో యాడ వస్తాది అన్నా ఇల్లు?”

నేను ఒక పట్టిక గీశాను. అప్పు తీరగా మిగిలేది, దాన్ని బ్యాంకులో వేస్తే వచ్చే వడ్డీ, వాయిదాలు లేకపోతే నెలకు మిగిలేది, రెండేళ్ళ తరువాత ఎంత అవుతుందో అన్నీ వరుసగా రాశాను. కూడికలు ఆమెతోనే సరిచూపించాను. రెండేళ్ళ తరువాత ఒక చిన్న ఇంటి ధర ఎంత ఉంటుందో ఆ గడిలో మాత్రం నేను వేసుకున్న అంకె ఇప్పటి ధర కంటే తక్కువ. ఇంత వేగంగా పెరిగిన ధర కిందికి దిగక తప్పదని నా నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం ఏమిటని నన్ను ఎవరూ అడగలేదు. అడగడం నా ఉద్యోగం, నేనూ అడగలేదు. మిగతా ఇరవై ఒక్కరం ఆమె సంతకం కోసం ఎదురుచూస్తున్నామన్న సంగతి నా చేతిని ఎటు నడిపిందో కూడా ఇప్పుడు కచ్చితంగా చెప్పలేను.

బ్రోకరు తెచ్చిన అమ్మకం కాగితాన్ని ఆమె చాలాసేపు పట్టుకుంది. “నువ్వు చూసినావా అన్నా?”

“చూశాను.”

చిన్నప్పుడు బడిలో నేర్చిన తమిళ అక్షరాల్లో నిదానంగా సంతకం చేసింది. చేశాక ఒకే మాట అంది: “గోడలు వాళ్ళకి. వాకిలి మాది, మా అన్న ఇచ్చింది. దాన్ని తెచ్చుకుంటాను.” బ్రోకరు నవ్వి సరేనన్నాడు. మేస్త్రీని పిలిచి, నేను నానబెట్టి తూచి ఎంచిన ఇటుకలను పగలగొట్టించి, ద్వారబంధాన్ని ఊడదీయించి, కంచె సందులోంచి మోయించుకుపోయింది.

ధరలు దిగలేదు. రెండేళ్ళకు ఆమె బ్యాంకు సొమ్ముకు వడ్డీ చేరింది. హోసూరు చుట్టుపక్కల ఇంటి ధరకు అంతకు ఎన్నో రెట్లు చేరింది. నేను నా వాటాకు మరో అప్పు కలిపి ఊళ్ళోనే ఇల్లు కొనుక్కున్నాను. నేను నష్టపోలేదు. ఇది రాయడానికి మనసు ఒప్పుకోదు కనుకనే రాస్తున్నాను. మా రెండున్నర ఎకరాలూ తమ్ముడి చేనూ కలిపి ప్రహరీ కట్టి, లోపల పెద్ద ఇళ్ళు లేపారు. బండిబాట ఉన్న చోటే ఇప్పుడు నలభై అడుగుల తారు దారి. సర్వే పటం నకలు తీసి చూశాను. అందులో దారి ఉంది.

ఆ తరువాత ఎన్నేళ్ళకో, మా ఇరవై ఇద్దరి సంఘాన్ని రద్దు చేసే కాగితం మీద ఆమె సంతకం కావలసి వచ్చి లైను ఇంటికి వెళ్ళాను. అదే గది, అవే రేకులు. గది వాకిలి వంగి దూరవలసినంత పొట్టిది. లోపల గోడకు ఏటవాలుగా ఆనించి, గది ఎత్తు చాలక, ఆ వేప ద్వారబంధం నిలబడి ఉంది. దాని మీద చీరలు ఆరేసి ఉన్నాయి. అడ్డకొయ్య మీద పసుపు ఇంకా కొద్దిగా మిగిలి ఉంది.

ఆమె సంతకం చేసి, కాఫీ ఇచ్చి, నేను అటే చూస్తున్నానని గమనించింది. లేచి చీరలు పక్కకు జరిపింది.

“బాగా ఎండినాదన్నా. ఒక్క చీలిక లేదు. నువ్వు చెప్పినట్లే.”

ఆమె గొంతులో ఎత్తిపొడుపు ఉందేమోనని విన్నాను. లేదు. అలవాటు కొద్దీ లేచి, కొయ్యను పైనుంచి కిందిదాకా చేత్తో తడిమి చూశాను. నిజమే. ఒక్క చీలిక కూడా లేదు.